అమ్మగారు ఉద్యోగం ఎందుకు మానేశారంటే



కొన్ని వారాలుగా ఆరాధన ముగిసి బయటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర మాకు ఒకటే ప్రశ్న. "అమ్మగారు ఆసుపత్రి మానేశారంట గదా అయ్యగారూ, ఒంట్లో బాగాలేదా?" ఒకరిద్దరు పెద్దలు ఇంకాస్త దగ్గరికి వచ్చి, అక్కడేమన్నా మాట తేడా వచ్చిందా అని కూడా అడిగారు. హైదరాబాదు నుండి ఒక సహోదరుడు ఫోన్ చేసి, మీకు బదిలీ అయ్యిందా అన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పడం కన్నా అందరికీ ఒకేసారి రాయడం మంచిదని మేమిద్దరం అనుకున్నాం. ఆమె ఆరోగ్యంగానే ఉన్నారు. ఆసుపత్రి వాళ్ళు మంచివాళ్ళు, 17 ఏళ్ళు మాకు అన్నం పెట్టిన చోటు అది. బదిలీ లేదు. ఆమె డాక్టరు చదవాలనుకుంటున్నారు. అంతే సంగతి.

అంతే అన్నాం గాని, అది చిన్న సంగతి కాదని మాకూ తెలుసు. ఆమెకు 39 నిండాయి. ఇంటర్ బైపీసీ, ఆ తర్వాత జీఎన్ఎం నర్సింగ్, పెళ్ళి, ఇద్దరు పిల్లలు, నరసరావుపేటలో ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నీట్ పరీక్ష ఇప్పటికి రెండుసార్లు రాశారు. డ్యూటీ చేస్తూనే రాశారు, అందుకే మీలో ఎక్కువమందికి తెలియదు. మూడోసారికి డ్యూటీ మానేసి రాయాలని నిర్ణయించుకున్నాం. నెలకు 19 వేల జీతం ఆగిపోయింది. పాస్టరు ఇంట్లో 19 వేలు అంటే ఏమిటో మీకు వివరంగా చెప్పక్కర్లేదు.

ఎందుకు అన్నదానికి జవాబు మా అరుగు మీద ఉంది. సాయంత్రం అయితే చాలు, మందుల షీట్లు పట్టుకుని నలుగురైనా వస్తారు. "ఇది పొద్దున వేసుకోవాలా, రాత్రా?" "షుగరు మందు అయిపోయింది, అదే తెచ్చుకోనా?" ఆమె బీపీ చూస్తారు, కాలి పుండుకు కట్టు మారుస్తారు, ఎలా వేసుకోవాలో చెబుతారు. మందు మార్చమంటే మాత్రం మార్చరు. మోతాదు పెంచమంటే పెంచరు. "పేట వెళ్ళి డాక్టరుకు చూపించుకోండి" అంటారు. పేట ఇరవై కిలోమీటర్లు. మిరపకోతల రోజుల్లో ఒక పూట పోతే కూలి పోయినట్టే. వాళ్ళు తలాడించి వెళ్ళి, మరుసటి రోజు ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. ఒక పెద్దావిడ మొహం మీదే అన్నారు: "ఆర్ఎంపీకి లేని భయం నీకెందుకమ్మా? నువ్వు అతని కంటే ఎక్కువే చదివావుగా!"

ఆ మాటకు ఆ రాత్రి మా ఇంట్లో చాలాసేపు చర్చ జరిగింది. నిజానికి ఆమెకు తెలుసు. పదిహేడేళ్ళు డాక్టర్ల పక్కన నిలబడిన మనిషికి ఏ జ్వరానికి ఏం రాస్తారో తెలియకుండా ఉంటుందా? కానీ తెలియడం వేరు, రాసే హక్కు వేరు. ఒకే రకంగా కనిపించే రెండు జ్వరాల్లో రెండోది ఏదో పట్టుకోవడానికే కదా అన్నేళ్ళ చదువు పెట్టారు అంటారామె. తొంభై తొమ్మిది మందికి ఊహ సరిపోతుంది. నూరో మనిషికి సరిపోదు, ఆ నూరో మనిషి మన సంఘంలోనే ఉంటాడు.

రెండేళ్ళ క్రితం రాత్రి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన ఒక సహోదరుణ్ణి రక్తపింజర కరిచినప్పుడు మీలో కొందరు అక్కడే ఉన్నారు. ముందు మా గుమ్మంలోకే తీసుకొచ్చారు. తాడు కట్టబోతే ఆమె కట్టనివ్వలేదు, కోసి రక్తం తీస్తామంటే తీయనివ్వలేదు. కాలు కదలకుండా బద్ద కట్టి, ఉంగరం, మొలతాడు తీయించి, 108కి ఫోన్ చేయించి, తనే బండిలో కూర్చున్నారు. అక్కడ డాక్టరు గాజు గొట్టంలో కాస్త రక్తం పోసి ఇరవై నిమిషాలు కదల్చకుండా ఉంచారట. రక్తం గడ్డ కట్టలేదు. విషం ఎక్కిందని అలా తెలుస్తుంది. విరుగుడు మందు ఎక్కించారు. ఆ మందే ఒక్కోసారి ఒంటికి పడక ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి పక్కనే అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుంటారు. ఆయన బతికారు, ఇప్పుడు మిరప నారు పోసుకుంటున్నారు. తెల్లవారి ఇంటికొచ్చాక ఆమె అన్న మాట ఇది: "ఆ ఇరవై కిలోమీటర్లూ నా చేతులు ఖాళీగానే ఉన్నాయండీ."

మేము ఆ మాటను అర్థం చేసుకోగలిగాం. సెమినరీలో డిప్లొమా ముగించి సంఘానికి వచ్చిన కొత్తలో మాకు ప్రసంగం చేసే పని ఉండేది గాని ప్రభు బల్ల ఇచ్చే అధికారం లేదు. అభిషేకం అయ్యేదాకా అంతే. ఒక ముసలాయన మంచం పట్టి, చనిపోయే ముందు సంస్కారం అడిగితే, పక్క పాస్టరేట్ నుండి అయ్యగారు వచ్చేదాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాం. మాటలన్నీ మాకు కంఠతా వచ్చు. రొట్టె, పాత్ర ఎదురుగానే ఉన్నాయి. ఆ గీత ఎందుకుందో ఆ రోజు కోపంగా అడిగినా, ఆ గీత దాటాలనిపించలేదు. అధికారం ఇచ్చేదాకా ఆగడం కూడా పనిలో భాగమే. కాకపోతే ఆగి ఊరుకోవడం ఒకటి, ఆ అధికారం కోసం బయలుదేరడం ఒకటి. మా ఇంట్లో ఇప్పుడు రెండోది జరుగుతోంది.

ఈ వయసులో రానిస్తారా అన్నది అందరి అనుమానం. రానిస్తారు. ఇంతకు ముందు ఎంబీబీఎస్ ప్రవేశానికి జనరల్ వాళ్ళకు 25 ఏళ్ళు, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు 30 ఏళ్ళు అని హద్దు పెట్టారు. దాని మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషన్ పై హద్దును పూర్తిగా తీసేసింది. 17 నిండి, ఇంటర్‌లో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, ఇంగ్లీషు ఉండి, కావలసిన మార్కులు వచ్చి ఉంటే చాలు. మన సంఘాల్లో చాలామందికి వర్తించే బీసీ-సీ కోటా 1 శాతం అన్నది మీకు తెలిసిందే. దాని గురించి మా అభిప్రాయం ఇంకోసారి రాస్తాం, అది పెద్ద కథ.

ఒడిశాలో బ్యాంకు ఉద్యోగం నుండి రిటైరైన ఒకాయన 2020లో, 64 ఏళ్ళ వయసులో, బుర్లాలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో మొదటి సంవత్సరంలో చేరారు. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఆ వార్తను మాకు వాట్సాప్‌లో ఎన్నిసార్లు పంపారో లెక్కలేదు. సంతోషమే. అయితే ఆయనకు పింఛను ఉంది, ఉద్యోగ బాధ్యత తీరిపోయింది. నడివయసులో, పిల్లలు చదువుతుండగా, జీతం వదులుకుని బయలుదేరేవాళ్ళ లెక్క వేరు. ఆయన కథ ధైర్యం ఇస్తుంది గాని మా నెలాఖరుకు అది సాయపడదు.

మాకు ఎక్కువ సాయపడింది సెమినరీలో పుస్తకాల్లో కలిసిన మనిషి, ఆల్బర్ట్ ష్వైట్జర్. ఆయనను మేము అక్కడ యేసు జీవిత పరిశోధన గురించి రాసిన పండితుడిగానే చదివాం. ఆయన బోధలో మాకు ఒప్పుకోలేనివి చాలా ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఆయన చేసిన పని చూడండి. స్ట్రాస్‌బర్గ్‌లో ఒక సంఘానికి పాస్టరు, విశ్వవిద్యాలయంలో వేదాంత బోధకుడు, ఐరోపాలో పేరున్న ఆర్గన్ వాద్యకారుడు. 1904లో పారిస్ మిషన్ వారి పత్రికలో, మధ్య ఆఫ్రికాలో పనివారు చాలడం లేదన్న వ్యాసం చదివాడు. 1905 అక్టోబరులో, వైద్యం చదవబోతున్నానని ఇంటివాళ్ళకూ స్నేహితులకూ ఉత్తరాలు రాసి పోస్టు డబ్బాలో వేశాడు. అప్పటికి ఆయనకు 30 ఏళ్ళు. అందరూ లేచారు. సంగీతంలో ఆయన గురువు, సైన్యాధిపతి తుపాకీ పట్టుకుని ముందు వరుసలోకి వెళ్ళడం లాంటిది ఇది అన్నాడట. వైద్య కళాశాల డీన్ అయితే, ఈయన్ని పిచ్చి వైద్యం చేసే తన తోటి ప్రొఫెసరుకు చూపించాలనుకున్నాడని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. ముప్పైకే ఇంత గోల జరిగిందంటే ముప్పై తొమ్మిదికి మన గుమ్మం దగ్గర జరిగింది ఎంత మర్యాదైన గోలో మేము గ్రహించాం.

ఆయన ఒక బోధకుడిగా ఓడ ఎక్కి, మందుల పెట్టె ఒకటి చంకన పెట్టుకుని వెళ్ళిపోవచ్చు. అలా వెళ్ళలేదు. పగలు పాఠాలు విని, ఆదివారం ప్రసంగాలు చెప్పి, రాత్రి చదివి, 1911లో ప్రభుత్వ పరీక్ష ముగించాడు. ఆ పరీక్ష ఫీజు మ్యూనిక్‌లో ఆర్గన్ వాయించిన డబ్బుతో కట్టాడు. ఆ తర్వాత ఏడాది ఆసుపత్రిలో శిక్షణ, పైన డాక్టరేట్ వ్యాసం. 1913లో గాబన్‌లోని లాంబరేనే చేరాడు. మొదట రోగులను చూసిన గది ఒక పాత కోళ్ళ గూడు. ఆయన గొప్పదనం ఆ కోళ్ళ గూట్లో ఉందని చాలామంది చెబుతారు. అంతకు ముందు శవాన్ని కోసి నరాల పేర్లు వల్లించిన ఏళ్ళలోనే ఎక్కువ ఉందని మాకనిపిస్తుంది. అవి ఎవరూ చప్పట్లు కొట్టని ఏళ్ళు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన ఆఫ్రికా వాళ్ళను తమ్ముళ్ళలా చూశాడు గాని సమానులుగా చూడలేదన్న విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శే.

ఆయన భార్య హెలెన్ గురించి ఎవరూ మాట్లాడరు. ఆమె అతని పని కోసం నర్సింగ్ నేర్చుకుని, 1912లో పెళ్ళి చేసుకుని, మరుసటేడు అతనితో ఓడెక్కింది. డాక్టరు భర్త, నర్సు భార్య అన్నది లోకానికి అలవాటైన వరుస. నర్సు డాక్టరవుతానంటే, పాస్టరు భర్త వంట నేర్చుకోవలసి వస్తే ఆ వరుస తిరగబడుతుంది. మా పప్పుచారు గురించి మీలో కొందరి దగ్గర ఇప్పటికే ఫిర్యాదులు ఉన్నాయని మా అబ్బాయి చెప్పాడు.

గుంటూరు వైపు వాళ్ళకు అన్నా కుగ్లర్ పేరు చెప్పక్కర్లేదు. ఆమె అమెరికాలో వైద్యం పూర్తి చేసి 1883లో గుంటూరు వచ్చారు. చేతిలో డాక్టరు పట్టా ఉంది. కానీ ఆమెను మొదట పంపింది వైద్యానికి కాదు, స్త్రీల మధ్య పనికీ బాలికల బడికీ. అయినా రోగులు వస్తూనే ఉన్నారు, ఆమె చూస్తూనే ఉన్నారు. 1885 చివరలో గాని వైద్య మిషనరీగా నియమించలేదు. ఆసుపత్రి 1898లో తెరిచారు. ఆమెకు హక్కు ఉండి పిలుపు ఆలస్యమైంది. మా ఇంట్లో పిలుపు ముందు వచ్చింది, హక్కు ఇంకా రావాలి.

ఇక చదువు సంగతి. పరీక్షకు 720 మార్కులు. అందులో సగం జీవశాస్త్రం, మిగతా సగం భౌతిక, రసాయన శాస్త్రాలు. రాయడానికి తెలుగు కూడా ఉంది, కానీ నర్సింగ్ ఇంగ్లీషులోనే చదివారు, రేపు వైద్యమూ ఇంగ్లీషులోనే కాబట్టి ఆమె ఇంగ్లీషే ఎంచుకున్నారు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు కొన్నాం. గుంటూరులో ఒక కోచింగ్ సెంటరుకు వెళితే కౌంటర్లో అబ్బాయి ఫారం తీసి, "మీ అమ్మాయి పేరు చెప్పండి మేడమ్" అన్నాడు. ఈమె తన పేరు చెప్పారు. అతను రాసుకుని, "ఇది అమ్మాయి పేరా, మీదా?" అన్నాడు. ఫీజు విన్నాక పేరు ఎవరిదైనా ఒకటే అనిపించి తిరిగి వచ్చేశాం.

గుండె, మూత్రపిండాలు, నాడులు అన్న పాఠాలు ఆమెకు ఒక్క చదువుతో వచ్చేస్తాయి. మొక్కల దగ్గరే చిక్కు. పదిహేడేళ్ళు మనుషుల నాడి చూసిన వ్యక్తి రాత్రి పదకొండింటికి నాచు మొక్క జీవితచక్రం వల్లిస్తుంటే మాకు జాలి వేస్తుంది. భౌతికశాస్త్రం మా అమ్మాయి చెబుతుంది. తను ఇంటర్ ఎంపీసీ. తల్లి కూతురికి హోంవర్కు చూపించే ఇల్లు మీరెక్కడైనా చూశారా?

ఒక సంగతి మాత్రం అమ్మాయి వల్లే బయటపడింది. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఈమె సందేహం ఉన్న ప్రశ్నలన్నీ ఖాళీగా వదిలేసి వస్తున్నారు. నమూనా పరీక్షలో అలా ముప్పైకి పైగా వదిలేశారు. "మమ్మీ, నాలుగింట్లో రెండు కావని తెలిస్తే మిగతా రెండిట్లో ఒకటి పెట్టెయ్యాలి. రెండుసార్లు పెడితే ఒకటి తప్పినా మూడు మార్కులు మిగులుతాయి" అని పిల్ల లెక్క వేసి చూపించింది. లెక్క సరైనదే. ఈమె చాలాసేపు ఆ కాగితం చూసి, "సందేహం ఉంటే సూది వెయ్యకూడదని నేర్పారమ్మా మాకు" అన్నారు. ఇప్పుడు పెట్టడం నేర్చుకుంటున్నారు. పరీక్ష వరకే సుమా అని తనకు తనే చెప్పుకుంటూ పెడతారు.

2024లో 412 వచ్చాయి. ఆ ఏడు అందరి మార్కులూ విపరీతంగా పెరిగిపోయి, ఆ పరీక్ష మీద దేశమంతా రగడ జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. 2025లో భౌతికశాస్త్రం పేపరు చాలా కఠినంగా వచ్చింది, 389 వచ్చాయి. మార్కులు తగ్గాయి, ర్యాంకు మాత్రం చాలా మెరుగుపడింది. అయినా సీటు అందలేదు. ఆఖరి విడత కౌన్సెలింగ్ జాబితా వచ్చిన రాత్రి ఆమె ఏమీ మాట్లాడలేదు. తెల్లవారి మామూలుగా ఏడింటి బస్సుకు డ్యూటీకి వెళ్ళారు. రాజీనామా మాట ఆ తర్వాత నెలకు వచ్చింది, అదీ మా నోటి నుండే వచ్చింది.

పెద్దల్లో ఒకాయన నిజమైన అభ్యంతరం ఒకటి చెప్పారు, దాన్ని దాటవేయడం మర్యాద కాదు. ప్రభుత్వ సీటు వస్తే అది పద్దెనిమిదేళ్ళ పిల్ల సీటు కదా, ఆ పిల్ల నలభై ఏళ్ళు సేవ చేస్తుంది, అమ్మగారు ఎన్నేళ్ళు చేస్తారు అన్నారు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, పైన ఏడాది ఇంటర్న్‌షిప్. వచ్చే ఏడు చేరితే ముగిసేసరికి 46 దగ్గర పడుతుంది. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగ విరమణ 62. నియామకాల నోటిఫికేషన్లకు మళ్ళీ వేరే వయసు హద్దులు ఉంటాయి, అవి అప్పుడు చూసుకోవాలి. లెక్క ప్రకారం ఆమె ఏళ్ళు తక్కువే, ఒప్పుకుంటాం. కానీ ఆ నలభై ఏళ్ళలో ఎన్ని ఏళ్ళు మన ఊరి వైపు గడుస్తాయన్నది కూడా లెక్కలోకి రావాలి కదా. మన మండలం నుండి డాక్టర్లయిన బిడ్డలు ఉన్నారు, వాళ్ళ గురించి గర్వపడుతున్నాం, వాళ్ళలో కొందరు ఇది అమెరికాలో కూర్చుని చదువుతున్నారు. తప్పేం లేదు. ఈమె మాత్రం ఈ అరుగు మీదికే వస్తానంటున్నారు. ఆ పెద్దాయన విని, "సరే, అప్పటిదాకా నేనుంటే నా మోకాళ్ళు చూడమను" అన్నారు.

మేము ఒక హద్దు పెట్టుకున్నాం. ఇదే ఆఖరిసారి. సీటు రాకపోతే ఆమె తిరిగి నర్సుగానే వెళతారు, అది చిన్నతనం కాదు. అప్పు చేయం. ప్రైవేటు కోటా సీటు ఆలోచన లేదు, ఎవరూ చందా మాట ఎత్తవద్దని ప్రేమతో మనవి. చీటీ పాట డబ్బు ఉంది, అమ్మాయి ఫీజు కట్టాం, గేదె పాలు అమ్ముతున్నాం.

మీ నుండి కావలసింది ఇది. సోమ, శుక్రవారాలు సాయంత్రం అయిదు నుండి ఏడు వరకు అరుగు మీద బీపీ, షుగరు మామూలుగానే చూస్తారు. మిగతా రోజులు అత్యవసరమైతే తప్ప పిలవకండి. అత్యవసరమైతే అర్ధరాత్రయినా తలుపు కొట్టండి, ఆలోచించకండి. స్త్రీల సమాజాన్ని మే నెల వరకు ఇద్దరు సహోదరీలు నడిపిస్తారు, వాళ్ళకు ఈమె వివరాలన్నీ అప్పగించారు.

ఇటీవలి ఏళ్ళలో ఈ పరీక్ష మే నెల మొదటి ఆదివారమే పెడుతున్నారు. అది మన ప్రభు బల్ల ఆదివారం. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి, గేటు ఒంటిగంటన్నరకు మూసేస్తారు, మన ఊరి నుండి పొద్దున్నే బయలుదేరకపోతే గుంటూరు అందదు. అందుకని ఆ నెల బల్ల రెండో ఆదివారానికి మార్చుదామని కమిటీ వాళ్ళు అన్నారు. ఆమె వద్దన్నారు. కాబట్టి ఆరాధన ఎప్పటిలాగే తొమ్మిదింటికి మొదలవుతుంది. మేము బల్ల దగ్గర ఉంటాం. ఆమెను ఏడున్నర బస్సు ఎక్కించేది మా అబ్బాయి.